నాయనతో మళ్ళీ ఆ బూషోన్‌కి

2016లో లియోన్‌లో చదువుకునేటప్పుడు ఒక హోటల్లో పళ్ళెం ముప్పాతిక భాగం అలాగే వదిలేసి లేచొచ్చాను. మా ఇంట్లో విస్తట్లో మెతుకు వదిలితే నాయన ఊరుకునేవాడు కాదు, అందుకే ఆ పళ్ళెం ఏడేళ్ళపాటు నన్ను వదల్లేదు. 2023 సెప్టెంబర్‌లో నాయన మొదటిసారి ఫ్రాన్స్ వచ్చినప్పుడు ఆయన్ని అదే చోటికి తీసుకెళ్ళాను, ఈసారి ముందుగానే అన్నీ అడిగి, కనుక్కుని, కాగితం మీద రాసుకుని మరీ. అదెలా జరిగిందో వివరంగా రాస్తున్నాను. ఇక్కడ ఏళ్ళతరబడి ఉంటున్న మనవాళ్ళు చాలామంది ఇలాంటి హోటళ్ళ ముందు నుంచి నడిచి వెళ్తారే గానీ లోపలికి అడుగుపెట్టరు. ఏం పెడతారో, ఎలా అడగాలో అని టెన్షన్. నాకూ అదే ఉండేది.

బూషోన్ అంటే లియోన్ వాళ్ళ సొంత తరహా భోజన హోటల్. నేను చెప్పేది క్రోవా రూస్ అనే కొండ మీద ఒక సందులో ఉంటుంది. పది పన్నెండు టేబుళ్ళు, ఎర్ర గళ్ళ గుడ్డలు, పక్కవాళ్ళ మోచెయ్యి మనకి తగిలేంత దగ్గరగా కుర్చీలు. మధ్యాహ్నం పన్నెండుకి తలుపు తీస్తే పన్నెండున్నరకల్లా నిండిపోతుంది, అందరూ దాదాపు ఆ పేట వాళ్ళే. ఈ వంట ఒళ్ళొంచి పనిచేసేవాళ్ళ కోసం పుట్టిన వంట కాబట్టి ఖరీదైన మాంసం కంటే పేగులు, పొట్ట, కార్జాలు, తలకాయ, ఇలాంటివే ఎక్కువ. వండింది కూడా ఎక్కువగా ఆడవాళ్ళే. లియోన్‌లో వాళ్ళని ‘మేర్’ అంటారు, అంటే అమ్మ అని. వాళ్ళలో ఒకరైన యూజెనీ బ్రాజియేకి 1933లో రెండు హోటళ్ళకీ మూడేసి మిషలిన్ స్టార్లు వచ్చాయి, హోటళ్ళకి అంతకంటే పెద్ద గుర్తింపు లేదు. పాల్ బొక్యూజ్ అంతటి షెఫ్ కూడా కుర్రతనంలో ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడే. ఆమె మొదటి హోటల్ ఈ కొండ దిగువనే, ర్యూ రోయాల్‌లో.

ముందు 2016 సంగతి. క్లాస్‌లో పరీక్షలయ్యాయని నలుగురం కలిసి ఒక శుక్రవారం రాత్రి వెళ్ళాం, ఫోన్ కూడా చేయకుండా. నలభై నిమిషాలు చలిలో బయట నిలబెట్టి తర్వాత ఒక మూల టేబుల్ ఇచ్చారు. పలక మీద సుద్దతో రాసిన పేర్లలో ఒక్కటీ నాకు అర్థం కాలేదు, ‘తబ్లియె ద సపర్’ అన్న దాంట్లో తబ్లియె అంటే ఏప్రన్ అని మాత్రం తెలుసు. అడగడానికి మొహమాటమేసి వేలు పెట్టి చూపించేశాను. బంగారు రంగులో వేగిన, బ్రెడ్ పొడి అద్దిన పెద్ద ముక్క వచ్చింది, పక్కన గుడ్డు, ఆకులు కలిపిన పుల్లటి సాస్. రెండు ముక్కలు తిన్నాను, బాగానే ఉంది కూడా. అప్పుడు లియోన్ అబ్బాయి ఒకడు మామూలుగా చెప్పాడు, అది గొడ్డు పొట్ట, వైన్‌లో నానబెట్టి వేయిస్తారు అని.

మా ఇంట్లో గొడ్డు మాంసం తినరు. నాకు ఆ తర్వాత ఒక్క ముక్క కూడా దిగలేదు. హోటల్ వాళ్ళ తప్పు ఇసుమంత కూడా లేదు, ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన వంటకం అది, నేను అడగలేదు అంతే. వడ్డించే ఆవిడ వచ్చి పళ్ళెం చూసి, బాగాలేదా అని అడిగింది. కడుపునొప్పి అని అబద్ధం చెప్పాను. ఆవిడ రెండు చేతులా పళ్ళెం తీసుకుని, వంటగదిలోకి వెళ్తూ దాని వైపే చూసుకుంటూ వెళ్ళింది. నిజం చెప్పి ఉంటే వేరే ఏదైనా తెచ్చేదేమో, కనీసం వంట బాగాలేదని అనుకునేది కాదు.

చదువయ్యాక ఉద్యోగం తూలూజ్‌లో వచ్చింది, లియోన్ వెళ్ళే పని పడలేదు. నాయన వస్తున్నాడు అన్నప్పుడు అందరూ ఐఫిల్ టవర్ అన్నారు. నాకు మాత్రం మొదట గుర్తొచ్చింది క్రోవా రూస్. కారణం ఉంది. మాది ధర్మవరం. నాయన దాదాపు నలభై ఏళ్ళు పట్టుచీరలు నేశాడు, మోకాళ్ళు సహకరించక 2019లో మానేశాడు. మా ఇంట్లో రోజూ వినిపించే మాటల్లో ఒకటి జాకార్డ్. మగ్గం పైన పెట్టె, అట్టలు, అట్టల్లో బెజ్జాలు, ఆ బెజ్జాల ప్రకారం పడుగు పోగులు లేవడం, అంచులో హంసో మామిడి పిందో పడటం. చిన్నప్పుడు జాకార్డ్ అంటే ఏదో మిషన్ పేరనుకున్నాను. అది మనిషి పేరనీ, ఆయన లియోన్ వాడనీ, 1804లో ఆ పెట్టె తయారుచేశాడనీ ఇక్కడికొచ్చి చదువుకునేటప్పుడు తెలిసింది. ఆయన పెట్టె ఆడిన కొండే క్రోవా రూస్. అక్కడి పట్టు నేతగాళ్ళని ‘కాన్యూ’ అంటారు. వాళ్ళు తిన్న తిండే ఈ బూషోన్లలో ఇప్పటికీ పెట్టేది.

సరే, ఫోన్ విషయం. టైం చూసుకుని చేయాలి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా చేస్తే ఎత్తరు, ఎత్తినా మాట్లాడే తీరిక ఉండదు. శని ఆదివారాలు చాలా బూషోన్లు మూసేస్తారు, కొన్ని సోమవారం కూడా. నేను వారం ముందు పొద్దున పదింటికి చేసి, బొంజూర్ అని పలకరించి (ఇది అనకుండా విషయంలోకి దిగితే గొంతు మారిపోతుంది, రైల్వే కౌంటర్లో అయినా అంతే), గురువారం పన్నెండుంపావుకి ఇద్దరికి టేబుల్ కావాలన్నాను. తర్వాత అసలు మాట: మేము గొడ్డు మాంసం, పంది మాంసం తినం, చేప, కోడి తింటాం, ఏవి పెట్టగలరు?

ఆవిడ విసుక్కుంటుందనుకున్నాను. ఒక్క నిమిషం ఆగమని, ఫోన్ పక్కన పెట్టి, వంటగదిలోకి వెళ్ళి అడిగి వచ్చింది. కోడి కార్జాల కేకులో కొన్ని చోట్ల ఎముక మూలుగ వేస్తారు, మేం వేయం అంది. సలాడ్‌లో పంది ముక్కలు తీసేసి చేస్తాం అంది. వినెగర్ కోడి ఉంది, చేప కెనెల్ ఉంది, చివర్లో జున్ను (చీజ్) గానీ స్వీట్ గానీ. అన్నీ రాసుకున్నాను. ఐదు నిమిషాల ఫోన్. ఈ ఐదు నిమిషాలు 2016లో ఎందుకు ఖర్చు పెట్టలేకపోయానా అని ఫోన్ పెట్టేశాక చాలాసేపు బాధేసింది.

ఆ గురువారం పొద్దున కొండెక్కే మెట్రోలో పైకి వెళ్ళాం. నిటారు కొండ కాబట్టి ఆ మెట్రోకి పట్టాల మధ్యలో పళ్ళ చక్రం పట్టు ఉంటుంది, నాయన కిటికీలోంచి కాదు, నేల వైపు చూస్తూ కూర్చున్నాడు, చప్పుడు వింటూ. పైన చౌక్‌లో జాకార్డ్ విగ్రహం ఉంది. నాయన చెప్పులు విప్పబోయి, చుట్టూ చూసి, విప్పకుండానే నిలబడి దండం పెట్టుకున్నాడు. అక్కణ్ణుంచి ఆ వీధుల్లో తిరిగాం. పాత కాన్యూల ఇళ్ళు ఒక్కో అంతస్తు నాలుగు మీటర్ల ఎత్తు ఉంటాయి, జాకార్డ్ మగ్గం పట్టాలని అలా కట్టారు. నాయన మెడ ఎత్తి చాలాసేపు చూసి, “మనం గుంట తీసి కాళ్ళు కిందికి దించినాం. వీళ్ళు కప్పునే పైకి లేపినారు” అన్నాడు.

1831 తిరుగుబాటు గురించి చెప్పాను. వ్యాపారి పట్టు ఇచ్చేవాడు, నేతగాడు తన ఇంట్లో, తన మగ్గం మీద నేసి ఇస్తే కూలి కట్టేవాడు. ఆ కూలికి ఒక కనీస రేటు ఒప్పుకుని, మళ్ళీ కాదంటే కాన్యూలు ఈ కొండ దిగి ఊరి మీదికి వెళ్ళారు. “సావుకారు పద్ధతే” అన్నాడు నాయన. ఇంకేం అడగలేదు. ఆ మాట తర్వాత హోటల్ దాకా ఏం మాట్లాడలేదు కూడా.

పన్నెండుంపావుకి సరిగ్గా వెళ్ళాం. ఇది కూడా చెప్పాలి, పదిహేను నిమిషాలు ఆలస్యమైతే టేబుల్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు, ఒంటిగంటన్నర దాటితే వంటగది కట్టేస్తారు. 2016 నాటి ఆవిడ లేదు. అడిగితే ఆవిడ మానేసి చాలా ఏళ్ళయిందన్నారు. క్షమాపణ చెప్పుకుందామనుకున్న మాట నా దగ్గరే ఉండిపోయింది.

కూర్చోగానే నాయన చేసిన మొదటి పని, టేబుల్ గుడ్డ కొస పట్టుకుని తిరగేసి వెనక వైపు చూడటం. బొటనవేలితో ఒకసారి రుద్ది, “మిల్లు గుడ్డ” అన్నాడు. వడ్డించే ఆవిడ, యాభై ఏళ్ళు ఉంటాయేమో, అప్పుడే నీళ్ళ సీసా పెడుతూ అది చూసింది. మరక ఉందా, మార్చమంటారా అని అడిగింది. లేదండీ, మా నాన్న నేతగాడు, ఏ గుడ్డ చూసినా అలా చూస్తాడు అన్నాను. చేతి మగ్గమా అని అడిగింది. అవును, జాకార్డ్ మగ్గం, పట్టు అన్నాను.

“ఆ! బిస్తాంక్లాక్ పాన్!” అంది.

లియోన్ వాళ్ళు జాకార్డ్ మగ్గం చప్పుడుని అలా అంటారు, ఇప్పటికీ ఆ మాట బతికే ఉంది. నాయనకి చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, కుడిచెయ్యి పిడికిలి పట్టి, ఎడమచెయ్యి టేబుల్ మీద పరిచి, పాదంతో నేల మీద తొక్కుతూ మొత్తం వాయించి చూపించాడు. తొక్కుడు, పైన పెట్టె లేచే శబ్దం, నాడె ఇటు నుంచి అటు పరుగు, చివర్లో పేక మీద పడే దెబ్బ. నాలుగేళ్ళుగా మగ్గం ముట్టని మనిషి. ఒక్క బీటు తప్పలేదు. పక్క టేబుల్ పెద్దాయన ఫోర్క్ దించి చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ, అదే, అచ్చం అదే అని నవ్వుకుంటూ లోపలికి వెళ్ళింది.

ఇక తిండి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు తికమకపడేది ఇక్కడే: ఫ్రాన్స్‌లో ‘మెనూ’ అంటే పేర్ల జాబితా కాదు, ఒక ధరకి వచ్చే మొత్తం భోజనం. జాబితాని ‘కార్త్’ అంటారు. ‘ఆంత్రె’ అంటే మొదట వచ్చే చిన్న వంటకం, ‘ప్లా’ అసలు వంటకం, ఆపైన జున్ను లేదా స్వీట్. బ్రెడ్ బుట్ట దానంతట అదే వస్తుంది, డబ్బులేం లేవు, అయిపోతే అడిగితే మళ్ళీ ఇస్తారు. నీళ్ళు కూడా ‘ఉన్ కరాఫ్ దో’ అని అడిగితే కుళాయి నీళ్ళు ఉచితంగా పెడతారు, ఊరికే నీళ్ళు అంటే మాత్రం సీసా తెచ్చి బిల్లు వేయొచ్చు. వైన్ తాగకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. పక్క టేబుల్ మీద లియోన్ వాళ్ళ వైన్ సీసా ఉంది, అడుగున గాజు బాగా మందం, 46 సెంటీలీటర్లు పట్టేది. ఇంత అడుగు ఎందుకని నాయన రెండుసార్లు అడిగాడు. తూలి పడకుండా అని చెప్పాను.

నాకు సలాడ్, నాయనకి కోడి కార్జాల కేకు తెప్పించాను. కేకు అంటే తీపి కాదు. కార్జాలు మెత్తగా రుబ్బి, గుడ్లు, పాలమీగడ కలిపి, ఆవిరి మీద ఉడికించి, టమాటా సాస్ పోసి ఇస్తారు. నాయన చెంచాతో కొంచెం తీసి, నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, “కార్జం వాసన ఉండాది, కార్జం లేదు” అన్నాడు. నచ్చిందో లేదో తెలీక నేను చూస్తుంటే పళ్ళెం బ్రెడ్‌తో తుడిచేశాడు.

తర్వాత కెనెల్, నాకు. ఇది లియోన్ వంటకాల్లో నాకు అన్నిటికంటే గౌరవం ఉన్నది. బ్రోషే అనే నదిచేపతో చేస్తారు, ఒళ్ళంతా సన్నముళ్ళే కాబట్టి మామూలుగా తినడం కష్టం, అందుకని మాంసం మెత్తగా నూరి, జల్లెడ పట్టి, వెన్న, పిండి, గుడ్లు కలిపి, కండె ఆకారంలో చుట్టి నీళ్ళలో ఉడికించి, పైన రొయ్యల్లాంటి మంచినీటి జలచరాల సాస్ పోసి ఓవెన్‌లో పెడతారు. పొంగి, పైన ఎర్రగా కాలి, పళ్ళెంలోకి వచ్చేటప్పుడు ఇంకా బుసబుసలాడుతూ ఉంటుంది, చెంచా పెడితే గాలి తీసినట్టు దిగిపోతుంది. నాయనకి సగం పెట్టాను. రెండు ముద్దలు తిని, చొక్కా జేబులోంచి చిన్న ప్లాస్టిక్ పొట్లం తీశాడు. చెనిక్కాయల పొడి. ధర్మవరం నుంచి ఎక్కడికెళ్ళినా జేబులోనే ఉంది.

“వేసుకుంటే ఏమన్నా అనుకుంటారా పాపా?”

నేను వద్దనబోయాను. మూడు గంటలు వండిన సాస్, వంటచేసినవాళ్ళు చూస్తే ఏమనుకుంటారో అని. కానీ ఏడేళ్ళ కింద ఇదే గదిలో, ఏమనుకుంటారో అన్న మొహమాటంతోనే కదా నేను నోరు తెరవకుండా కూర్చుంది. వేసుకో నాయనా అన్నాను. చిటికెడు వేసుకున్నాడు. ఆవిడ చూసి, వాసన చూడొచ్చా అని అడిగి, వేలితో అద్దుకుని రుచి చూసి, వేరుశెనగా అని గుర్తుపట్టింది, తర్వాత కారం తగిలి దగ్గింది. నాయన కంగారుగా నీళ్ళ గ్లాసు అందించాడు.

ఆయనకి వచ్చిన వినెగర్ కోడికి మాత్రం పొడి అవసరం పడలేదు. కోడి ముక్కల్ని వెన్నలో ఎర్రగా వేయించి, వెల్లుల్లి, వినెగర్, కాస్త టమాటా, మీగడతో దగ్గరగా ఉడికించినది. పులుపు బాగా పట్టి ఉంటుంది. పుల్లటి కూర ఎదురుపడగానే నాయన ముఖం వేరు. ఫోర్క్ పక్కన పెట్టి, నన్ను ఒకసారి చూసి, నేను తల ఊపాక ఎముక చేత్తో పట్టుకుని తిన్నాడు. పక్క టేబుల్ పెద్దాయన కూడా తన ఎముక చేత్తోనే పట్టుకున్నాడు. ఇది నేను గమనించి సంతోషించిన విషయం. నా అభిప్రాయంలో ఫ్రెంచ్ భోజనం అంటే భయపడే మనవాళ్ళు మొదట తినాల్సింది ఇదే, కెనెల్ కాదు.

చివర్లో స్వీట్ వద్దని ఇద్దరికీ సెర్వెల్ ద కాన్యూ చెప్పాను. ఎర్ర ప్రలీన్ టార్ట్ చాలా పేరున్నదే, కానీ నేను ఇక్కడికి నాయన్ని తెచ్చిందే దీని కోసం. చిన్న తెల్ల గిన్నెలో వచ్చింది. గట్టి పెరుగులాంటి తాజా జున్నుని గిలక్కొట్టి, సన్నగా తరిగిన చిన్నుల్లి, ఉల్లికాడల్లాంటి ఆకు, వెల్లుల్లి, ఉప్పు, మిరియాలు, నూనె, కాస్త వినెగర్ కలిపినది. పక్కన ఉడకబెట్టిన ఆలుగడ్డలు. నాయన ఒక్క ముద్ద తిని, “ఇది పెరుగుపచ్చడే కదమ్మా” అన్నాడు. అవును నాయనా, మగ్గం మీంచి లేచి వచ్చి తినేవాళ్ళు, చవకగా దొరికేది అని చెప్పాను. పేరేంటి అని అడిగాడు. చెప్పాలా వద్దా అని కాస్త ఆగాను. సెర్వెల్ ద కాన్యూ అంటే నేతగాడి మెదడు.

చెప్పాను. ఆయన గిన్నె వైపు చూశాడు.

“ఆ పేరు పెట్టింది నేసినోళ్ళా, నేయించుకున్నోళ్ళా?”

నేను ఏం చెప్పలేదు. ఆయన కూడా జవాబు కోసం చూడలేదు, ఇంకో ఆలుగడ్డ విరిచి దాంట్లో అద్దుకున్నాడు. గిన్నె ఖాళీ చేసి, నా గిన్నెలో మిగిలింది కూడా తిన్నాడు. రెండు పళ్ళాలూ, రెండు గిన్నెలూ తుడిచినట్టు ఉన్నాయి. ఆవిడ తీసుకెళ్ళేటప్పుడు నేను వాటి వైపే చూశాను, ఈసారి వంటగది తలుపు మూసుకునేదాకా.

బిల్లు మనం అడిగితేనే తెస్తారు. అడగకుండా బిల్లు తెచ్చిపెట్టడం ఇక్కడ అమర్యాద, వెళ్ళిపొమ్మన్నట్టు. 2016లో ఇది తెలీక అరగంట ఊరికే కూర్చున్నాం, మమ్మల్ని పట్టించుకోవట్లేదని నొచ్చుకున్నాం కూడా. ‘లాదిసియోన్, సిల్ వూ ప్లె’ అంటే చాలు. ఇద్దరికీ మెనూలు, ఒక కాఫీ కలిపి అరవై యూరోల లోపే అయింది. సర్వీస్, పన్ను ధరలోనే కలిసి ఉంటాయి, టిప్ తప్పనిసరి కాదు, నేను రెండు యూరోల నాణెం పెట్టాను. ఇంకో సంగతి, తినలేక మిగిలిపోతే ఇంటికి తీసుకెళ్ళడానికి డబ్బా అడగొచ్చు, 2021 జూలై నుంచి అడిగినవాళ్ళకి హోటళ్ళు ఇచ్చి తీరాలన్న నిబంధన ఉంది. మాకు ఆ అవసరం రాలేదు.

బయటికొచ్చేటప్పుడు ఆవిడ నాయనకి చెయ్యి ఇచ్చింది. నాయన చెయ్యి కలిపి, జేబులోని పొట్లం ఆవిడ చేతిలో పెట్టేశాడు. సగం పైనే ఉంది అందులో. కొంచెం కొంచెం వేసుకోమని చెప్పు అన్నాడు నాతో. చెప్పాను.

ఊరికి వెళ్ళాక నాయన అమ్మతో ఆ సెర్వెల్ ద కాన్యూ చేయించాడు. పాత గుడ్డలో పెరుగు కట్టి రాత్రంతా వేలాడదీసి, ఉల్లికాడలు, వెల్లుల్లి, మిరియాలు. మొదటిసారి బాగా రాలేదట, పులుపు చాల్లేదట. రెండోసారి నిమ్మకాయ పిండారట. ఆలుగడ్డతో కాదు, జొన్నరొట్టెతో తిన్నామని ఫోన్లో చెప్పాడు. అమ్మ వెనకనుంచి, దాని పేరేందో చెప్పమంటే చెప్పడమ్మా మీ నాయన అని అరిచింది. నాయన, పెరుగుపచ్చడే అని ఫోన్ పెట్టేశాడు.